మూడక్షరాల ఇంటిపేర్లు

నేను అరబ్బీ నేర్చుకున్నది కుర్చీ కోసం. ఇంకేదైనా గొప్ప కారణం చెప్పుకుంటే బాగుంటుందని స్నేహితులు అన్నారు. భాషాభిమానం అనో, సంస్కృతి అనో చెప్పమన్నారు. అవన్నీ తర్వాత వచ్చి ఉండవచ్చు. మొదట వచ్చింది మాత్రం మోకాళ్ళ నొప్పి.

తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో రెండేళ్ళు నిలబడ్డాను. పనిచేశాను అని కూడా అనవచ్చు గానీ నిలబడ్డాను అన్నదే నిజానికి దగ్గర. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన మనిషికి తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసి ఒక బెల్టు ముందు నిలబెడతారు. బెల్టు మీద మందు డబ్బాలు వస్తుంటాయి. ప్రతి డబ్బాలో మడతపెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉండాలి. ఆ మందు దేనికి, ఎంత వేసుకోవాలి, వేసుకుంటే ఇంకేం రోగాలు రావచ్చు అని అందులో రాసి ఉంటుంది. మేము దాన్ని లీఫ్‌లెట్ అంటాం. గల్ఫ్ దేశాలకు పోయే డబ్బాల్లో అది అరబ్బీలో ఉంటుంది. సరైన లీఫ్‌లెట్ సరైన డబ్బాలో పడిందో లేదో చూడడం నా బాధ్యత. ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నా నాకు తేడా తెలిసేది కాదు. మూలన అచ్చేసిన కోడ్ నంబరు చూసి తలూపేవాణ్ణి.

ఒక వేసవి మొదట్లో క్యాంటీన్ గోడ మీద నోటీసు పెట్టారు. డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో అరబ్బీ లీఫ్‌లెట్లను అచ్చుకు ముందే సరిచూసే మనిషి కావాలి. లోపలి ఉద్యోగులకే మొదటి అవకాశం. వానాకాలం పోయాక పరీక్ష. డాక్యుమెంటేషన్ సెక్షన్ మా అద్దాల గోడకు అవతలే ఉంది. అక్కడ తొమ్మిది మంది పనిచేస్తారు. తొమ్మిది మందీ కూర్చుని పనిచేస్తారు.

ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను. మాది గౌడవెల్లి. బాపు, అంటే మా నాన్న, ఒకప్పుడు వార్డు మెంబరు. ఇప్పుడు రెండెకరాల వరి, మిగిలిన టైములో ఊరికి వచ్చినవాళ్ళకు ప్లాట్లు చూపించడం. పదవి పోయి చాలా ఏళ్ళయినా ఆయన నడకలోంచి మాత్రం ఇంకా పోలేదు.

"అరబ్బీయా? ఎన్ని దినాలు పడతది?" అన్నాడు బాపు.

"ఎనిమిది నెలలు టైమున్నది బాపు."

"మస్తయితది. గంతట్ల రెండు పంటలు తీయొచ్చు."

ఆయన లెక్కలో భాష కూడా ఒక పంటే. నీళ్ళు పెడితే వస్తుంది.

షామీర్‌పేటలో ఒక రిటైరైన ఉర్దూ టీచరమ్మ ఉందని, ఆమెకు అరబ్బీ కూడా వచ్చని తెలిసి వెళ్ళాను. బస్టాపు వెనక సందులో చిన్న ఇల్లు. ఎందుకు నేర్చుకుంటావని ఆమె అడిగితే నిజమే చెప్పాను. "కుర్చీ కోసమా?" అని ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూసి, "సరే, మంచి కారణమే. రోజూ పొద్దున ఆరున్నరకు రా. ఆరూ ముప్పయ్యయిదుకు తలుపు కొడితే తియ్య" అంది. నేను ఆమెను మేడం అనేవాణ్ణి. ఆమె నన్ను బేటా అనేది, కోపం వస్తే బీఎస్సీ అనేది.

లిపి నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మేడం బీరువాలోంచి ఒక పాత అరబ్బీ డిక్షనరీ తీసి చేతిలో పెట్టింది. బరువు చూస్తే కోడిపెట్టంత ఉంది. పాఠంలో తెలియని మాటలన్నిటికీ అర్థాలు చూసి రమ్మంది. నేను రెండు వారాలు కష్టపడ్డాను. అరబ్బీలో సగం మాటలు 'మీమ్' అనే అక్షరంతో మొదలవుతాయి, అంటే మన 'మ'. ఆ మాటల్లో ఒక్కటి కూడా డిక్షనరీలో 'మీమ్' కింద దొరకలేదు. దొరకని మాటలన్నీ ఒక కాగితం మీద నీటుగా రాసుకుని వెళ్ళాను.

"మేడం, మీ డిక్షనరీల పేజీలు పోయినయి."

ఆమె టీలో ముంచిన రస్కు అట్లాగే పట్టుకుని చూసింది. "ఏ పేజీలు?"

"మక్తబ్ లేదు. మద్రసా లేదు. ఆఖరికి మస్జిద్ గూడ లేదు. మస్జిద్ లేని అరబ్బీ డిక్షనరీ ఏంది మేడం?"

రస్కు టీలో పడిపోయింది. ఆమె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పిన. పేజీలు పోయినయని కంప్లయింటు రాసుకొచ్చినోడివి నువ్వే బేటా. మస్జిద్ 'సీన్' కింద ఉంటది, సజ్దా పక్కన. సజ్దా అంటే నేలకు తల ఆనించుడు, మస్జిద్ అంటే అది చేసే జాగ. మక్తబ్ 'కాఫ్' కింద ఉంటది, కితాబ్ పక్కన. మాటల మూడు అక్షరాలే అసలు మనిషి. ముందు మీమ్, మధ్యల అలిఫ్, చివర ఇంకేదన్న ఉంటే గదంతా పైన తొడిగిన షేర్వానీ. షేర్వానీ విప్పు, మనిషిని పట్టుకో."

చెప్పడం తేలికే. ఏది షేర్వానీ, ఏది మనిషి అని నాకు తెలిస్తే కదా. ఆ వారమంతా షేర్వానీతో పాటు చర్మం కూడా ఒలిచేశాను. మూడు అక్షరాలు మిగలాల్సిన చోట రెండు మిగిలేవి. ఒకసారి ఒకటే మిగిలింది. "బీఎస్సీ, ఇది మాట కాదు, నమిలి పడేసిన బొక్క" అంది మేడం.

ఆ ఆదివారం మా ఇంటికి మేడ్చల్ నుంచి ఒక జంట ప్లాటు చూడడానికి వచ్చింది. బాపు ఆ మొగాయనను బయట నిలబెట్టి రాబోయే రోడ్ల గురించి చెప్తున్నాడు. అవి ఇంకా రాబోతూనే ఉన్నాయి. ఆమె నీడకని లోపలికి వచ్చింది. మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, చింతపండులో గింజలు తీస్తూ గడప దగ్గర కూర్చుంది. ఆమెను దాటి ఎవరూ ఊరికే లోపలికి రాలేరు. అది మా ఇంటి చెక్‌పోస్టు.

"ఏ ఊరు బిడ్డా?"

"మేడ్చల్ అవ్వ."

"మేడ్చల్ల ఉంటున్నవ్. నేనడిగింది ఊరు."

"మా ఆయనది సిద్దిపేట దిక్కు."

"గది నీ మొగనిది. నీదేంది?"

"నేను బ్యాంకుల చేస్త అవ్వ."

"గది నౌకరి. ఇయ్యాల ఉంటది, రేపు పోతది. మీ నాయినోల్ల ఇంటిపేరేంది?"

ఆమె చెప్పింది. అవ్వ గింజ తీయడం ఆపింది. "గట్లనా. మీ తాత నడిస్తే ఒక భుజం ముందుకు పోతుండె."

ఆమె ఆశ్చర్యపోయింది. "మీకు మా తాత తెలుసా?"

"తెల్వదు. గా ఇంటోల్లందరు గట్లనే నడుస్తరు. నువ్వొస్తుంటే జూసిన. ఎవలింటి పిల్లవో గదొక్కటి తెల్వాలె, గంతే."

నేను అరబ్బీ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఇదంతా విన్నాను. ఆకాశవాణి ఏమీ పలకలేదు. చింతపండు గింజ ఒకటి వచ్చి నా కాలికి తగిలింది, అంతే. కానీ అవ్వ చేసిన పని ముందూ వెనకా చూసుకుంటే మేడం చెప్పిన పనే. ఉంటున్న ఊరు తీసేసింది. మొగుణ్ణి తీసేసింది. ఉద్యోగం తీసేసింది. ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి, ఇంకో మనిషికి కూడా ఉండగలిగినవి. తీసెయ్యడానికి వీల్లేనిది మిగిలేదాకా అడిగింది. అది దొరకగానే నడక తెలిసిపోయింది. అరబ్బీ మాటకు ఆ మూడు అక్షరాలే ఇంటిపేరు. ఒకే ఇంటిపేరున్న మాటలన్నీ ఎక్కడ స్థిరపడినా నడక ఒకటే ఉంటుంది. ఏది షేర్వానీ అని ఒక్క మాటను పట్టుకుని చూస్తే తెలియదు. పక్కన దాని అన్నదమ్ములను నిలబెడితే, అందరిలో ఉన్నదేదో, ఒక్కడే తొడుక్కున్నదేదో ఇట్టే తెలుస్తుంది.

మర్నాడు మేడంకు చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "రేపటి నుంచి మీ అవ్వను పంపు, నువ్వు ఇంట్ల చింతపండు చూస్కో" అంది.

అప్పటి నుంచి చదువు పరుగెత్తింది. పరుగెత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ అరబ్బీ మాటల ఇళ్ళ పిల్లల్లో సగం మంది మా ఇంట్లోనే తిరుగుతున్నారు. ఫారసీ మాట్లాడేవాళ్ళ చేతుల మీదుగా, ఉర్దూ వాళ్ళ చేతుల మీదుగా వచ్చి మా ఊళ్ళో స్థిరపడి రేషన్ కార్డు కూడా తీసుకున్నారు. హాజరు ఉంది కదా, దాని ఇంటిపేరుకు ఎదురుగా ఉండడం అని నడక. అరబ్బీలో దాన్ని హాదిర్ అంటారు, ఎదుట ఉన్నవాడు. హుజూర్ కూడా ఆ ఇంటివాడే. అర్జీ ఇంటివాళ్ళ నడక ముందుపెట్టడం. హుకుం అన్నది తీర్పు చెప్పే ఇంటిది, కోర్టును అరబ్బీలో మహ్కమా అంటారు. తయారు ఇంటివాళ్ళు ఎగురుతారు. అరబ్బీలో తైర్ అంటే పక్షి, తయ్యార్ అంటే విమానం నడిపేవాడు. వేటకు రెక్క విప్పిన డేగను తయారుగా ఉందనేవాళ్ళట, అక్కడి నుంచి మా అమ్మ ఉప్మా దాకా వచ్చింది. సలహా, మసాలా సొంత అక్కాచెల్లెళ్ళు, బాగుచేసే ఇంటివాళ్ళు. బాపు సలహాల్లో ఘాటు ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫే, సాద్, లామ్ అనే ఇల్లు. వాళ్ళ నడక విడదీయడం. ఏడాదిని పంట కాలాలుగా విడదీస్తే ఫసలు. తగాదాను రెండుగా విడదీసి ఎవరిది వాళ్ళకు ఇస్తే ఫైసలా. భూమి కాగితం చివర హద్దులన్నీ విడివిడిగా పరిస్తే తపశీలు. బాపు జీవితమంతా ఈ ఒక్క ఇంట్లోనే గడిచింది.

ఆయనకు అదే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే నేను మెంబరుగున్నప్పుడు అరబ్బీల పాలించిన అన్నట్టు" అన్నాడు.

"నువ్వు తెలుగుల గూడ ఏం పాలించలే" అంది అవ్వ.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. పోటీ ఉందని తెలిసింది ఆ తర్వాతే. గాజులరామారం నుంచి మా గోడౌన్‌లో పనికి వచ్చే అన్న ఒకాయన ఉన్నాడు. గల్ఫ్‌లో ఎనిమిదేళ్ళు బండి నడిపి వచ్చాడు. ఒకరోజు క్యాంటీన్‌లో పాత సేఠుతో ఫోన్లో అరబ్బీ మాట్లాడాడు. మాట్లాడడం కాదు, నల్లా విప్పినట్టు ధార కట్టింది. చుట్టూ నాలుగు టేబుళ్ళు తినడం ఆపి విన్నాయి. నేను కూడా ఆపాను, నాకు ముద్ద దిగక.

ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "తమ్మీ, నువ్వు గూడ పరీక్ష రాస్తున్నవట గదా. ఎవలు నేర్పుతున్రు?" అన్నాడు.

"షామీర్‌పేటల ఒక మేడం అన్న."

"మస్తు. నాకైతే పోలీసోళ్లు నేర్పిన్రు, ట్రాఫిక్‌ల ఆపి ఆపి."

పరీక్ష సోమవారం. శనివారం సాయంత్రం కంపెనీ నుంచి వస్తుంటే గౌడవెల్లి మూలమలుపులో ఒక కొత్త ఫ్లెక్సీ కనిపించింది. అరబ్బీ భాషా పరీక్షలో ఘనవిజయం సాధించిన మా ఊరి ముద్దుబిడ్డకు హృదయపూర్వక శుభాకాంక్షలు. అందులో ముద్దుబిడ్డ ఫొటో పదో తరగతి హాల్‌టికెట్ మీదిది. దాని పక్కన బాపు, నాకు మూడింతల సైజులో, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని దేశాన్ని నడుపుతున్నాడు. కింద పదకొండు మంది శ్రేయోభిలాషులు. అందులో ఇద్దరికి నేనెవరో తెలియదు.

"బాపు, పరీక్ష ఇంక గాలే."

"ఎరికే."

"మరి?"

"ప్రింటింగాయనకు సోమవారం నుంచి పెండ్లిళ్ల గిరాకట. ఇగ దొరకడు. ఎట్లయిన పాసయితవ్ గదా."

"తీసెయ్యి బాపు, దండం పెడ్త."

"పెట్టిన ఫ్లెక్సీ తీస్తే నలుగురేమనుకుంటరు? ఫెయిలయిండు అనుకుంటరు."

"ఇంక రాయనే లేదు గదా."

"గందుకే, రాయకముందే ఫెయిలయిండు అనుకుంటరు."

అవ్వ మధ్యలో కల్పించుకుని, "పరేషాన్ గాకురా కొడుకా, ఫెయిలయితే వేరే పోరని ఫొటో అతికిద్దాం" అంది. నన్ను ఓదార్చడానికి ఆ ఇంట్లో జరిగిన ప్రయత్నం అదొక్కటే.

ఇప్పుడు కుర్చీ ఒక్కటే అయితే పోతే పోనీ అనుకునేవాణ్ణి. కానీ మా ఊరి నుంచి కంపెనీలకు బండ్ల మీద పోయేవాళ్ళంతా ఆ మలుపు మీదుగానే పోవాలి. అక్కడ స్పీడ్ బ్రేకర్ కూడా ఉంది. ప్రతివాడూ స్లో చేసి, చదివి, గేరు మార్చుకుని పోతున్నాడు. నేను ఫెయిలైతే రోజూ రెండు పూటలా ఆ బ్రేకర్ మీద నా ఘనవిజయం కిందుగా నేనే స్లో చేసుకుని పోవాలి.

సోమవారం పరీక్షకు చివరికి ఇద్దరమే మిగిలాం, అన్న, నేను. పరీక్ష పెట్టడానికి నగరంలోంచి ఒక పెద్దాయన వచ్చాడు, తెల్లటి గడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. మొదట మాట్లాడించాడు. అన్న లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకు నవ్వులు వినిపించాయి, ఐదు నిమిషాలకు ఇద్దరూ చుట్టాలైపోయారు. తర్వాత నేను వెళ్ళాను. నేను ఒక్కో మాటకు షేర్వానీ తొడిగి, గుండీలు పెట్టి బయటికి పంపేసరికి ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

రెండోది రాత పరీక్ష. ఇద్దరినీ చెరో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చెరొక డిక్షనరీ, మేడం ఇచ్చినటువంటిదే. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేశాం. ఒక ఇంగ్లీషు అసలు ప్రతి, దాని అరబ్బీ ప్రతి. "అరబ్బీలో ఒకచోట అర్థం మారింది. కావాలనే మార్చాను. గంటలో పట్టుకోండి" అన్నాడు పెద్దాయన.

మొదటి వరుసలోనే ఎప్పుడూ చూడని మాట, ముస్తహ్దర్. చూస్తే పెళ్ళికొడుకులా ముస్తాబై ఉంది. ముందున్నవన్నీ విప్పితే లోపల మన హాజరు ఇంటి మనిషి. వాడుకకు హాజరుపరిచినది, అంటే తయారైన మందు. డిక్షనరీ అవునంది. కింద ఆరాద్ అని ఇంకోటి. అర్జీ ఇంటిది. జబ్బు తన సంగతి ముందుపెట్టుకుంటుంది కదా, అవి లక్షణాలు. రోగం పెట్టుకునే అర్జీలన్న మాట. ఒక్కొక్కటే తలుపు తీసి "రా తమ్మీ" అంటుంటే నాకు భయం తగ్గి కొంచెం పొగరు కూడా వచ్చింది.

అప్పుడే పక్క బల్ల నుంచి చిన్నగా గొంతు వినిపించింది. "తమ్మీ, గీ బుక్కుల పేజీలు పోయినయేందే?"

అన్న డిక్షనరీలో 'మీమ్' దగ్గర ఆగి ఉన్నాడు. నేను తల ఎత్తలేదు. పరీక్ష కదా, మాట్లాడకూడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నా నిజాయితీ అంత గట్టిగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు.

నాలుగో పేరాలో దొరికింది. ఇంగ్లీషులో కండరాల నొప్పి అని ఉంది. అరబ్బీలో నొప్పి పక్కన మఫాసిల్ అని ఉంది. మఫాసిల్ నాకు తెలియదు. మీమ్ తీశాను. అలిఫ్ తీశాను. ఫే, సాద్, లామ్ మిగిలాయి. ఫసలు, ఫైసలా, తపశీలు వచ్చి పక్కన నిలబడ్డాయి. విడదీసే ఇల్లు. ఒంట్లో ఏది ఎక్కడ విడిపోతుంది? ఎముకకూ ఎముకకూ మధ్య. కండరం కాదు, కీలు. డిక్షనరీ తెరిచి 'ఫే' దగ్గర చూస్తే అదే ఉంది, కీళ్ళు. కండరానికి వేరే మాట అదే కాగితంలో ఇంకోచోట ఉంది. రెండిటి చుట్టూ సున్నాలు చుట్టి పక్కన రాశాను.

ఫలితం నాలుగు గంటలకన్నారు. ఈలోగా క్యాంటీన్‌లో అన్నకు మూడక్షరాల సంగతి చెప్పాను. ఆయన టీ తాగడం మర్చిపోయి విన్నాడు. "ఎనిమిదేండ్లు గా భాషల బతికిన తమ్మీ. గిది నాకు ఒక్కడు చెప్పలే" అన్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, "లోపట అడిగినప్పుడే చెప్తే ఏం బోతుండెరా?" అన్నాడు.

"కుర్చీ బోతుండె అన్న."

ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ప్రేమతోనే అనుకుంటాను. మర్నాటి దాకా నొప్పి ఉంది.

నాలుగింటికి పెద్దాయన నన్ను పిలిచాడు. నా కాగితం మీద మఫాసిల్ చుట్టూ గీసిన సున్నా మీద వేలు పెట్టి, "ఈ మాట ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెల్వదు సార్."

"మరెట్ల పట్టుకున్నవ్?"

"ఇంటిపేరు చూసిన సార్. అన్నదమ్ములు మా ఊర్ల ఉన్నరు."

ఆయన ఆ ముగ్గురి పేర్లూ అడిగాడు, చెప్పాను. తపశీలు దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కన్నీళ్ళు అనుకునేరు, అద్దాలకు నూనె మరక. పక్కనున్న డాక్యుమెంటేషన్ సెక్షన్ హెడ్డు మేడంతో, "మాట్లాడడం ఇతనికి నెలలో వస్తుంది. చదవడం మాత్రం ఇప్పటికే వచ్చు. ఇతణ్ణే తీసుకోండి" అన్నాడు.

బాపుకు ఫోన్ చేశాను. "పాసైన బాపు."

"ఎరికే. ఫ్లెక్సీల ఉన్నది గదా" అన్నాడు. కానీ ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. జలుబట. అవ్వ ఫోన్ లాక్కుని, "కుర్సీకి చేతులున్నయారా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "గట్లయితే పెద్ద నౌకరే" అంది.

ఆ సాయంత్రం మా మలుపులో స్పీడ్ బ్రేకర్ దగ్గర కావాలనే చాలా నిదానంగా పోయాను. ఎదురొచ్చిన బండ్లవాళ్ళు చెయ్యెత్తి పలకరించారు. ఒకాయన ఆగి మరీ చెయ్యి కలిపాడు. షామీర్‌పేట మేడం మాత్రం మర్నాడు ఆరున్నరకు తలుపు తీసి, వార్త విని, "అచ్చా. సమాసాలు ఇంక గాలేదు, కూసో" అంది. ఆ వారం నుంచి అన్న కూడా గాజులరామారం నుంచి కంపెనీ క్యాబ్ కంటే ముందే బయల్దేరి వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. ఆయన నాకు మాట్లాడడం నేర్పుతాడు, నేను ఆయనకు వెతకడం నేర్పుతాను. గోడౌన్‌లో ఈసారి ఖాళీ వస్తే ఎగుమతుల బల్ల తనదేనని ఇప్పటికే అందరికీ చెప్పేశాడు.

కొత్త పనిలో మూడో వారం ప్రెస్సు నుంచి మొదటి నిజమైన లీఫ్‌లెట్ నమూనా వచ్చింది. పిల్లలకిచ్చే జ్వరం మందు. ఈసారి తప్పు ఎవరూ కావాలని పెట్టలేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ఎక్కడుందో చెప్పేవాడు కూడా లేడు. రెండు రోజులు చదివాను. భద్రపరచాల్సిన పద్ధతి చెప్పే చోట ఒక వాక్యం రాలిపోయింది. ఎర్ర పెన్నుతో రాసి వెనక్కి పంపాను. వాళ్ళు ఒప్పుకుని సరిచేసి మళ్ళీ పంపారు. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆఖరి పేజీలో కింద, సరిచూసినవారు అని చిన్న గడి ఉంది. డాక్యుమెంటేషన్ మేడం పెన్ను నా వైపు జరిపింది.

సంతకం పెట్టాను. మధ్యాహ్నానికల్లా అచ్చు మొదలైంది.